కురిడీ కసరత్తు

నేను పడ్డప్పుడు నా సైకిలు నాకు పది అడుగుల దూరంలో స్టాండు వేసి ఉంది. ఈ మాట ముందే రాస్తున్నాను, ఎందుకంటే మా ఇంట్లో ఈ రోజు వరకూ దీన్ని ఒక్కరూ ఒప్పుకోలేదు. అంబాజీపేట నుంచి వచ్చి, సైకిలు వసారా పక్కన నిలబెట్టి, కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటున్నాను. బట్టలుతికే బండ మీద సబ్బునీళ్ళున్నాయి. జారాను, కుడిచెయ్యి ఆనించాను, మణికట్టు విరిగింది. ఆ సబ్బునీళ్ళు ఎవరు పోశారన్న విచారణ జరగలేదు. బండని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. సాయంత్రానికి మా అబ్బాయి సైకిలు వెనక చక్రానికీ చట్రానికీ కలిపి గొలుసు వేసి, తాళం బిగించి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు. నేరం జరిగిన చోట దూరంగా నిలబడ్డ పాపానికి సాక్షిని జైల్లో పెట్టడం నా జన్మలో అదే మొదటిసారి చూశాను.

ఆ సైకిలంటే ఏమిటో చెప్పాలి. నలభై ఏళ్ళు నేను అంబాజీపేటలో కొబ్బరికాయల కొట్లో కాయ ఏరే పని చేశాను. చేత్తో పట్టుకుని చెవి దగ్గర ఒకసారి ఆడిస్తే అది నీటికాయో, కుళ్ళుకాయో, కురిడీయో చెప్పేవాణ్ణి. కురిడీ అంటే లోపల నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి ఎండి, చిప్ప వదిలేసి గుండులా తిరిగే కాయ. నేను చెప్పిన తర్వాత లారీవాడు మళ్ళీ చూసేవాడు కాదు. పని మానేశాక కూడా రోజూ పొద్దున్నే సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి, ఆ కొట్టు ఎదుట టీ బల్ల మీద కూర్చుని, కుర్రాళ్ళు ఏరిన కాయల్లో తప్పులు పట్టి వచ్చేవాణ్ణి. సైకిలుకి తాళం పడ్డాక ఎవరైనా ఎక్కించుకుంటే ఎక్కాలి, ఎక్కడ దింపితే అక్కడ దిగాలి. ఇక లారీలో కాయకీ నాకూ తేడా ఏమిటి?

అమలాపురంలో ఎముకల డాక్టరు చెయ్యికి కట్టు కట్టి ఊరుకోలేదు. ఇంత చిన్న దెబ్బకి విరగకూడదంటూ ఇంకో మెషీను కింద పడుకోబెట్టాడు.

"ఎముకలు పల్చబడ్డాయండి," అన్నాడు బొమ్మ చూస్తూ.

"అది ఆడవాళ్ళకి వచ్చే జబ్బు కదండీ. నేను చదివాను."

"మగవాళ్ళకీ వస్తుందండి. కాస్త ఆలస్యంగా వస్తుంది. ఎక్కడ చదివేరు?"

చెప్పలేదు. నేను అయిదో తరగతితో బడికి దణ్ణం పెట్టినవాణ్ణి. మిగతా చదువంతా పొట్లాలు కట్టి వచ్చిన కాగితాల మీద చదివాను. అందుకని నాకు తెలిసిన విషయాలు చాలావరకు కాగితం చిరిగినంత దాకా తెలుసు. ఆ ఎముకల సంగతి కూడా చింతపండు పొట్లం మీద చదివిందే. మగవాళ్ళ భాగం అవతలి ముక్కలో ఉండుంటుంది.

మాత్రలు రాసిచ్చి, కట్టు విప్పి చెయ్యి మామూలయ్యాక పక్క గదిలో కసరత్తు నేర్పే అమ్మాయి దగ్గరికి వెళ్ళమన్నాడు. వేసవి చివర్లో వెళ్ళాను. వెంట మా ఆవిడ, మా అబ్బాయి. ఆ అమ్మాయి వయసు నా చెప్పుల వయసుంటుంది. నీళ్ళసీసాలు రెండు నా చేతుల్లో పెట్టింది.

"ఇవి ఎత్తండి తాతగారూ."

"తాగడానికా?"

"కాదండి. ఎత్తడానికి."

నాకు ఒళ్ళు మండింది. "అమ్మాయీ, నేను వందేసి కాయల గోనెలు ఇంకొకడితో కలిసి లారీ మీదికి విసిరినవాణ్ణి. అరవై ఏళ్ళు సైకిలు తొక్కినవాణ్ణి. బడికెళ్ళే పిల్లలకిచ్చినట్టు నాకు నీళ్ళసీసాలిస్తావా?"

"గోనెలు ఎప్పుడు మానేసేరండి?"

"పదిహేనేళ్ళయింది."

"అయితే పదిహేనేళ్ళ నుంచీ మీ ఎముకకి పని లేదండి. పని లేని ఎముక, 'ఈయనకి నాతో అవసరం లేదు' అనుకుని కరిగిపోతాదండి."

"సైకిలో?"

"సైకిలు గుండెకి మంచిదేనండి, కాళ్ళకీ మంచిదే. కానీ మీరు కూర్చున్నాక మీ బరువు సీటు మోస్తాది కదండీ. ఎముకకి బరువు తగలాలండి."

అరవై ఏళ్ళు నేను మోశాననుకున్నది సీటు మోసిందట! మా అబ్బాయి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. వాడి భుజాలు కదులుతున్నాయి.

ఆ పిల్లది ఓడలరేవు. మాట తడుముకునే రకం కాదు. "మా సముద్రం ఒడ్డు కొబ్బరిచెట్టు మొదలు చూసేరా అండీ? రోజూ గాలి తిని తిని ఎంత లావుగా ఉంటాదో! నాలుగు మేడల మధ్య గాలి తగలకుండా పెరిగిన చెట్టు సన్నగా పైకి పోతాది. గట్టి గాలొస్తే ముందు ఏది పడతాదండి?"

కొబ్బరిచెట్టు గురించి నాకు చెప్పింది. నాకు! 

చివరికి రాజీ కుదిరింది. నీళ్ళసీసాలు నేను పట్టుకోను. దానికి బదులు గోనెసంచిలో కొబ్బరికాయలు వేసుకుని ఎత్తుతాను. ఆమె ఒప్పుకుంది. నడుం వంచకూడదు, మోకాళ్ళు వంచాలి. రెండు చేతులతో ఛాతీ దాకా ఎత్తి, మెల్లగా దించాలి. తర్వాత కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవాలి, కూర్చోవాలి, లేవాలి. రోజు విడిచి రోజు. నెలకోసారి వచ్చి చూపించుకోవాలి.

"ఒక్కమాట మర్చిపోకండి తాతగారూ. తేలికనిపించిన రోజున ఇంకో కాయ వెయ్యండి. బరువు పెరగాలి తప్ప తగ్గకూడదు."

"ఆయ్, అలాగే," అన్నది మా ఆవిడ. నేను అనలేదు.

బయటికొచ్చాక మా అబ్బాయితో తాళం సంగతి ఎత్తాను. "ఆవిడ సరేనంటే తీస్తాను నాన్నగారూ. ఆవిడ నోటితో అనాలి," అన్నాడు. అంటే నా సైకిలు ఒక ఓడలరేవు పిల్ల నాలిక మీద ఉందన్నమాట.

ఇంటికొచ్చి కాయలు నేనే ఏరాను. మంచి బరువైన, ఒలవని నీటికాయలు నాలుగు. ఒక్కొక్కటీ చెవి దగ్గర పెట్టి చూశాను. అప్పటికే నా కుడిచెవి సరిగా పనిచేయడం మానేసింది, ఎడమదానితో నెట్టుకొస్తున్నాను. చెవి మిషను పెట్టుకోమంటే వద్దన్నాను. జనం మాట్లాడేది సగం వినపడకపోవడం వల్ల నేనేమీ నష్టపోలేదు అని. ఈ మాట గుర్తుంచుకోండి, దీని ఫలితం ముందుముందు వస్తుంది.

మొదటివారం సంచి ఎత్తితే ఊపిరి పీకల దాకా వచ్చింది. అయిదుసార్లకి కూలబడ్డాను. రెండోవారంలో ఒకరోజు అనాయాసంగా లేచింది. సంతోషంతో మూతి విప్పి చూస్తే మూడే కాయలున్నాయి.

"నాలుగో కాయ ఏది?" అన్నాను వంటింట్లోకి వెళ్ళి.

"పచ్చడి చేసేనండి. పొద్దున్న పెసరట్టులోకి బాగుందన్నారు కదా."

"అది నా కసరత్తు!"

"కసరత్తయితే కొబ్బరి కాకుండా పోతాదేటండీ?"

"ఒలిచిందెవరు?"

"ఎవరేంటి, నేనే. పెరట్లో గునపానికి. ఎప్పుడూ ఎలా ఒలుస్తానో అలాగే."

మా ఆవిడకి డెబ్భై నిండాయి. నేలలో పాతిన గునపానికి కాయని గుచ్చి, ఒళ్ళంతా దాని మీద వేసి, మెలిపెట్టి పీచు లాగేస్తుంది. ఆ గునపానికి ఎవరూ గొలుసు వెయ్యలేదు. ఆవిణ్ణి ఎవరూ మెషీను కింద పడుకోబెట్టలేదు. ఈ లోకంలో న్యాయం ఏ పాటిదో అక్కడే తెలిసిపోతుంది.

ఇక ఈ ఇంట్లో కొబ్బరికాయకి భద్రత లేదనుకుని, ఇంకో నీటికాయ ఏరి తెచ్చి నాలుగు చేసి, దబ్బనం తీసుకుని సంచి మూతి పురికొసతో కుట్టేశాను. అంగుళానికో కుట్టు. నలభై ఏళ్ళ పనివాడి కుట్టు అది, విప్పితే తెలిసిపోతుంది. ఆ సంచిని పెరటి వసారాలో, ఛాతీ ఎత్తున ఉన్న మేకుకి తగిలించాను. ఆ మేకు నీళ్ళపొయ్యి పక్క గోడకి ఉంది. మాకు స్నానాలకి ఇప్పటికీ ఎండు కొబ్బరి డొక్కలూ కమ్మలూ మండించి నీళ్ళు కాచే పొయ్యి ఉంది. రోజూ రెండు పూటలా వేడీ పొగా ఆ గోడ మీదికే పోతాయి. వాన చినుకు పడని చోటు, ఎలక ఎక్కలేని చోటు, మా ఆవిడకి అడ్డంగా పొయ్యి ఉండే చోటు. ఇంతకన్నా మంచి స్థలం లేదని నన్ను నేనే మెచ్చుకున్నాను. కాయని కురిడీ చేయాలంటే మా వాళ్ళు తరతరాలుగా సరిగ్గా ఇలాంటి చోటే వెతికి, పొగ తగిలే అటక మీద నెలల తరబడి వదిలేస్తారన్న సంగతి, నలభై ఏళ్ళు ఆ పనిలో ఉన్న నా బుర్రకి ఆ రోజున తట్టలేదు. ఎందుకు తట్టలేదంటే అవి కాయలు కావు, బరువులు. బరువు ఎండుతుందని ఎవరనుకుంటారు?

వానాకాలం వచ్చేసరికి పదిసార్లు ఎత్తుతున్నాను. దసరాకి పదిహేను. చలికాలంలో ఒకరోజు ఒంటిచేత్తో లేపాను. ఇంట్లో ఎవరూ చూడలేదని మళ్ళీ అందరినీ పిలిచి లేపాను. తేలికనిపిస్తే ఇంకో కాయ వెయ్యమన్న మాట మా ఆవిడ గుర్తు చేసింది.

"కుట్టు విప్పితే మళ్ళీ పచ్చడి చేస్తావు," అన్నాను.

"చెయ్యనండి బాబూ."

"అయినా తేలికైంది సంచి కాదు. నేను బలపడ్డాను."

ఆవిడ నన్నూ సంచినీ మార్చి మార్చి చూసి, పొయ్యిలో ఇంకో డొక్క పెట్టింది.

నెలకోసారి రమ్మన్నారని చెప్పాను కదా, వెళ్ళలేదు. బలం పుంజుకుంటున్నవాడికి పరీక్షలెందుకు? ఆ అమ్మాయి అడిగితే 'బ్రహ్మాండంగా ఉందని చెప్పు' అని మా అబ్బాయితో కబురు పంపేవాణ్ణి.

కుర్చీ కసరత్తు మాత్రం మొదట్లో నాకు నచ్చలేదు. లేవడం, కూర్చోవడం, ఎవరో పంతులు శిక్ష వేసినట్టు. తర్వాత పేపరు చదువుతూ చేయడం మొదలెట్టాను. కోపం తెప్పించే వార్త వచ్చినప్పుడల్లా లేచి నిలబడాలి, ఆ వార్త మీద నా అభిప్రాయం పైకి చెప్పాలి, కూర్చోవాలి. ఇది నాకు చాలా అనువుగా కుదిరింది. కాలవ పూడిక మీద మూడుసార్లు, కొబ్బరికి ధర లేకపోవడం మీద అయిదుసార్లు, మిగతా పేజీల మీద పదిసార్లు. రోజు విడిచి రోజు చేయమన్నది నేను రోజూ చేశాను. పేపరు రోజూ వస్తుంది మరి.

మళ్ళీ ఎండలు ముదిరాయి. ఒంటిచేత్తో సంచి ఎత్తి, అలాగే పట్టుకుని, మా అబ్బాయితో లోకాభిరామాయణం మాట్లాడగలిగే రోజు వచ్చింది. "ఆటో పిలువు. తాళంచెవి కూడా తెచ్చుకో," అన్నాను.

సంచిని ఒళ్ళో పెట్టుకుని, మా ఆవిణ్ణీ అబ్బాయినీ వెంటబెట్టుకుని అమలాపురం వెళ్ళాను. ఆస్పత్రి వరండాలో బల్లల మీద పాతిక మందున్నారు. రాజోలు వాళ్ళు, కొత్తపేట వాళ్ళు, మోకాళ్ళు పట్టినవాళ్ళు, నడుం పట్టినవాళ్ళు. లోపలి నుంచి ఆ అమ్మాయి బయటికి రాగానే, ఇంతమంది సాక్షులు మళ్ళీ దొరకరనిపించింది. లేచి నిలబడి, మోకాళ్ళు వంచి, సంచి అందుకుని, ఒంటిచేత్తో నెత్తి మీదికి లేపాను. ఒకటి. రెండు. మూడు.

వరండా అంతా నవ్వులే. మెచ్చుకుంటున్నారనుకుని నాలుగోసారి కూడా ఎత్తాను.

బల్ల చివర కూర్చున్న ఒక పెద్దమనిషి లేచి దగ్గరికొచ్చాడు. ఖద్దరు చొక్కా, చెవి మీద పెన్ను. చూడగానే కాయల వ్యాపారి అని తెలిసిపోయింది.

"బాబాయిగారూ, సరుకు బాగా ఎండిందండీ. ఇంకా ఎన్నున్నాయండీ అటక మీద?" అన్నాడు నా ఎడమచెవి దగ్గరికి వంగి, ఎంతో మర్యాదగా.

"ఏం సరుకు?"

"కురిడీయే కదండీ? రోడ్డు మీదికి వినపడతా ఉందండి గలగల!"

మోకాలికి పట్టీ కట్టుకున్న ఒక ముసలామె అందుకుంది. "పెళ్ళికి కురిడీలు పట్టుకెళ్తన్నారేమో అనుకున్నానండీ. ఈయనేమో ఇనప గుండ్లెత్తినట్టు ఎత్తుతుంటే!"

ఆ అమ్మాయి కత్తెర తెచ్చి, నా కుట్లు కోసి, ఒక కాయ తీసి నా ఎడమచెవి దగ్గర పెట్టి ఆడించింది.

గలగల. గలగల. గలగల.

నలభై ఏళ్ళలో ఎన్ని వేల కురిడీలు ఆడించి ఉంటానో. ఏ ఒక్కటీ నన్ను అలా వెక్కిరించలేదు. పది నెలలు పొగలో ఎండి నాలుగూ గుండ్లయ్యాయి. తూకం వేస్తే నేను మొదట ఎత్తిన దాంట్లో సగం కూడా లేదు. నేను బలపడ్డ ప్రతి వారం కాయ ఎండిన వారమే.

మా ఆవిడ వైపు తిరిగాను. "నీకు వినపడలేదా?"

"చలికాలం నుంచీ వినపడతానే ఉందండి."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే పౌరుషానికి మొత్తం మానేస్తారు. కుర్చీలోంచి లేచి కూర్చుంటున్నారు కదా, అదన్నా దక్కుతాదని ఊరుకున్నానండి."

పాతిక మంది ముందు ఈ మాట. మా అబ్బాయి ఈసారి కిటికీ వెతుక్కోలేదు, గోడకి ఆనుకుని బాహాటంగా నవ్వాడు.

ఆ అమ్మాయి గదిలోకి తీసుకెళ్ళి ఇనుప బరువొకటి ఇచ్చింది, మొదటి నాలుగు కాయలంత బరువుది. రెండు చేతులతో ఛాతీ దాకా మూడుసార్లు వచ్చింది. నాలుగోసారి బొడ్డు దగ్గర ఆగిపోయింది. ఒంటిచెయ్యి సంగతి నేనే ఎత్తలేదు. తర్వాత కుర్చీ వేసి, గడియారం పట్టుకుని లేవమంది. లేచాను, కూర్చున్నాను, లేచాను. అలవాటు చొప్పున కాలవ పూడిక గురించి కూడా రెండు మాటలన్నాను. ఆపమనేదాకా ఆపలేదు. ఆమె అంకె రాసుకుని, వెనక్కి తిప్పి పాత అంకె చూసింది.

"తాతగారూ, కాళ్ళు మీరు సంపాదించుకున్నవేనండి. చాలా బాగున్నాయి. చేతులు మాత్రం కాయలు సంపాదించినవి."

"సైకిలు?"

"ఇంకో మూడు నెలలు. ఈసారి పక్షానికోసారి కాయలు మార్చాలండి. ఒక్క నెల కూడా రాకుండా ఉండకూడదు. ఎముక మెల్లగా మారతాదండి, కండలాగా తొందరపడదు. ఉన్నది పోకుండా నిలబడ్డా మనం గెలిచినట్టే. ఇంకోటి, చెవి మిషను."

"ఎముకకీ చెవికీ ఏమిటమ్మా సంబంధం?"

మా ఆవిడ సంచి నా ఒళ్ళో పెట్టి ఒకసారి ఊపింది. 

ఆ కురిడీలు ఏమయ్యాయంటే, ఆ పెద్దమనిషి అడిగినా ఇవ్వలేదు. మా ఆవిడ కొబ్బరి కోరి, బెల్లం వేసి ఉండలు చేసింది. నా పది నెలల శ్రమ రెండు రోజుల్లో ఇంటిల్లిపాదీ తినేశారు. బాగున్నాయని కూడా అన్నారు.

ఆ మూడు నెలలూ సంచికి కుట్టు లేదు. పక్షానికోసారి మా ఆవిడ పాత కాయలు ఒలిచి పచ్చడికి తీసుకుని, కొత్త నీటికాయలు నాలుగు నా ముందు పెట్టేది. చెవి మిషను పెట్టుకుని ఒక్కొక్కటీ ఆడించి సంచిలో వేసుకునేవాణ్ణి. తర్వాత అయిదయ్యాయి. నెలనెలా వెళ్ళాను. వరండాలో నన్ను గుర్తుపట్టినవాళ్ళు, "కురిడీ తాతగారు వచ్చేరు, చోటివ్వండి," అని జరిగేవాళ్ళు. చోటిచ్చారు కాబట్టి ఆ పేరు భరించాను.

మూడో నెలలో ఇనుప బరువు ఛాతీ దాకా పదిసార్లు లేచింది. డాక్టరు మళ్ళీ మెషీను కింద పడుకోబెట్టి, ఎముక మరింత పల్చబడలేదనీ, నిలబడిందనీ చెప్పాడు. ఆ అమ్మాయి మా అబ్బాయి వైపు తిరిగింది.

"తొక్కనివ్వండి. పొద్దున్నపూట, రద్దీ లేనప్పుడు. సబ్బునీళ్ళు తొక్కకుండా చూసుకోండి చాలు."

ఏడాది దాటాక సబ్బునీళ్ళ పేరెత్తిన మొదటి మనిషి ఆ పిల్లే. నాకు ఆమె మీద ఉన్న కోపమంతా అక్కడితో పోయింది.

ఇంటికొచ్చి మా అబ్బాయి తాళంచెవి తీశాడు. పెట్టాడు. తిప్పాడు. తిరగలేదు. రెండు వర్షాకాలాల తడికి తాళం లోపలంతా తుప్పు పట్టి బిగుసుకుపోయింది. కొబ్బరినూనె పోశాడు. రాయి పెట్టి కొట్టాడు. చెవి సగం వంగింది.

"రేపు ఎవరినైనా పిలుస్తాను నాన్నగారూ. ఇవాళ్టికి ఊరుకోండి."

ఊరుకోవడమా? సైకిలు షాపు మా వీధి చివర కాలవ వంతెన దగ్గరే. మోకాళ్ళు వంచాను. నడుం వంచలేదు, అందరూ చూశారు. వెనక క్యారియరు పట్టుకుని చక్రం నేల మీంచి లేపాను. ఎడమచేత్తో హ్యాండిలు, కుడిచేత్తో క్యారియరు. విరిగింది ఆ కుడిచెయ్యే. ముందు చక్రం మీద నడిపించుకుంటూ బయలుదేరాను. "నాన్నగారూ, నేను పడతాను," అని వాడు వెనకాల పరిగెత్తుకొచ్చాడు. "ఉండనీరా, సీటు నన్ను మోసిన అరవై ఏళ్ళ బాకీ ఇది," అన్నాను.

అరుగుల మీద జనం ఊరుకుంటారా?

"పంచరా అండీ?"

"కాదు, తాళం."

"మరి ఎత్తుకెళ్తన్నారేంటండీ, ఈ వయసులో!"

"ఆవిడ సరేనందండి," అన్నాడు మా అబ్బాయి వెనక నుంచి. ఆ 'ఆవిడ' ఎవరో వాళ్ళకేం తెలుసు, మా ఆవిడ అనుకుని ఆవిణ్ణి నానా మాటలూ అన్నారట.

షాపుకి చేరేలోగా మూడుసార్లు కిందికి దించిన మాట నిజం. మా అబ్బాయి ఈ రోజుకీ అదే చెప్తాడు. మూడుసార్లు దించినవాడు నాలుగుసార్లు ఎత్తాడన్న లెక్క మాత్రం వాడి నోటికి రాదు.